మడతలు కోయని పుస్తకం

“కోసినవా?”

“కోసిన.”

మా ఇద్దరి మధ్య చివరి మాటలు ఇవే. మా ఆయన అడిగాడు, నేను చెప్పాను. ఆ వెంటనే ఆయన రెండు చేతులూ నా గొంతు మీదికి వచ్చాయి. ఇంకో మాట బయటికి రావడానికి దారి లేకపోయింది. ఇప్పుడు అందరూ వినే ఈ గరగర గొంతు ఆ మధ్యాహ్నం నుంచే. అంతకు ముందు నాట్లలో నేను పాట ఎత్తితే అవతలి మడిలో వాళ్లు అందుకునేవాళ్లు.

నేను కోసింది మనిషిని కాదు, మేకను కాదు. పుస్తకాన్ని. పుస్తకానికి అంత గొడవా అని అడుగుతారు. ఆగండి, చెబుతాను.

నాకు చదువు రాదు. సంతకం చేయమంటే నాలుగు గీతలు గీస్తాను. ఇది నా చెల్లెలి బిడ్డ రాస్తోంది. నేను చెప్పింది కొంచెం సాపు చేసి రాస్తోందని నాకు తెలుసు, దాని చదువు దానిది. జరిగినదాన్ని మాత్రం మెత్తబరచొద్దని ముందే చెప్పాను.

మాది కరీంనగర్ వైపు పల్లె. మా ఆయన పక్క ఊళ్లో ఒక చిన్న ప్రెస్సులో కంపోజిటరు. చెక్క గళ్ల ముందు నిలబడి, సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి, చేతిలో ఇనుప పట్టీలో పేర్చేవాడు. పెళ్లి పత్రికలు, సినిమా కరపత్రాలు, అప్పుడప్పుడూ ఒక పురాణం. ఆ పని చేసేటప్పుడు ఆయన చాలా నెమ్మదస్తుడని చూసినవాళ్లు అనేవాళ్లు. ప్రెస్సు యజమాని పోయాక కొడుకులు మిషను పడేసి, అక్షరాలను కుప్పబోసి, కరిగించి, వలలకు గుండ్లు చేసేవాళ్లకు ఇచ్చేశారు. కరిగించే రోజు మా ఆయన పోయి చూశాడు. ఆ సాయంత్రమే నన్ను మొదటిసారి కొట్టాడు. కూరలో ఉప్పు ఎక్కువైందని.

ఒమన్‌కు పోయింది డెబ్బైల నడుమ. అక్కడ అప్పుడప్పుడే నల్లరోడ్లు పడుతున్నాయి. గోదావరి వైపు ఇంజనీరు ఒకాయన అజైబాలో కంపెనీ పనులు చూసేవాడు. భార్యకు కాన్పు ఉంది, వంటకూ బాలింత పనికీ నమ్మకమైన ఆడమనిషి కావాలన్నాడు. ఎవరి ద్వారానో మా ఊరికి కబురొచ్చింది. నన్ను వంటకు, మా ఆయనను సైటు పనికి పిలిపించాడు. బంగ్లా వెనక ఖర్జూరపు మట్టలతో అల్లిన గుడిసె మాకిచ్చారు. దాన్ని అక్కడ బరస్తీ అంటారు. గాలి వస్తే ఆ మట్టలు ఒకదాన్నొకటి గీరుకుంటూనే ఉంటాయి. అక్షరాలు ఏరిన చేతికి పార ఇచ్చారు. ఎండకు అరచేతులు పగిలి, పగిలినచోట సిమెంటు దిగి, రాత్రి అన్నం కలుపుకుంటుంటే పళ్లు కొరికేవాడు.

ఆ ఇంజనీరు సారుకు ఒక పిచ్చి ఉంది. తక్కినవాళ్లు టేపురికార్డర్లు, బంగారం కూడబెట్టుకుంటే, ఆయన పాత పుస్తకాలు కూడబెట్టేవాడు. చిన్న చిన్న ఊళ్లలో, చిన్న చిన్న ప్రెస్సుల్లో చేత్తో కూర్చి అచ్చేసిన కావ్యాలు, పురాణాలు. ఇక ముందు అన్నీ కొత్త మిషన్ల మీద వస్తాయి, ఇట్లాంటివి దొరకవని చెప్పేవాడు. మా ఆయన కంపోజిటరని తెలియగానే కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. సైటులో నీళ్ల డబ్బా ముట్టుకుంటే అరిచే మనిషి, పుస్తకం ముందు మా ఆయనను పక్కన కూర్చోబెట్టుకునేవాడు. ఆ కుర్చీ మా ఆయనను పాడు చేసింది.

అప్పటి నుంచి ఈయన సారుకు కుడిచెయ్యి అయ్యాడు. మన దిక్కు వాళ్లు ఎవరు సెలవు మీద పోతున్నా వాళ్ల రూముకు పోయేవాడు. అందరూ ఆవకాయ తెమ్మంటే ఈయన అటక మీది పురాణం తెమ్మనేవాడు. వాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. ఒకడైతే నా ముందే అన్నాడు, “ఇంట్ల పెండ్లాం ఉండంగ ఈ కాయిదాలతోని ఏం జేస్తవన్నా?” తెచ్చినవాటిలో ఒకటి సారుకు, ఒకటి తనకు. తనవన్నీ రేకు పెట్టెలో వేపాకు వేసి పెట్టుకున్నాడు.

ఒకసారి, మంచిగా ఉన్న రోజున, ఒక పుస్తకం తెరిచి నా వేలు పట్టుకుని కాగితం వెనకవైపు మెల్లగా రుద్దాడు. అక్షరాలు బుడిపెలు బుడిపెలుగా తగిలాయి. సీసం ఎంత గట్టిగా గుద్దితే అంత లోతుగా దిగుతుందని చెప్పాడు. చదువు రాని నాకు ఆ రోజు పుస్తకం వేలికి తెలిసింది. ఆయన నా వేలు చాలాసేపు వదలలేదు. ఇది కూడా రాయి బిడ్డా. లేకపోతే నేను అబద్ధం చెప్పినట్టవుతుంది.

బురైమిలో పని చేసే ఒకడు ఈయన కోసం శతకం తెచ్చాడు. తెచ్చాడు గానీ దారిలో బీడీలకు ఆకు అయిపోయి, నాలుగు పేజీలు చింపి పొగాకు చుట్టుకున్నాడు. ఆ మాట నవ్వుతూ చెప్పాడు పాపం. మా ఆయన పార కర్రతో వాడి మణికట్టు మీద కొట్టాడు. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. నలుగురు పట్టుకుంటే గాని ఆగలేదు. వాడి చెయ్యి మళ్లీ సరిగా అతకలేదని తర్వాత విన్నాను. సారు ఆ గొడవను కంపెనీ దాకా పోకుండా మాఫీ చేయించాడు. పుస్తకం మీద అంత ప్రేమ ఉండాలోయ్ అన్నాడట.

ఇక నా సంగతి. సారుకు పికప్ నడిపే డ్రైవరు ఒకతను ఉండేవాడు. కడప వైపు ముసల్మాను. ఇంట్లో వాళ్ల మాట మాట్లాడినా బడిలో తెలుగే చదివాడు. పద్యం అందుకున్నాడంటే ఎండలో పోయేవాడు కూడా ఆగేవాడు. శుక్రవారం సెలవు. నమాజు అయ్యాక మా గుడిసె నీడన చాప వేసుకుని కూర్చునేవాడు. మన వాళ్లు నలుగురైదుగురు చేరేవాళ్లు. నేను చాయ్ పెట్టేదాన్ని. మా ఆయన పెట్టెలో నుంచి, విలువ లేదనుకున్న పుస్తకం ఒకటి తీసి ఇచ్చేవాడు, ఆ భాయి చదివేవాడు. వారమంతా తిన్న తన్నులు, బాలింత బట్టలు, సారు కేకలు, అన్నీ ఆ చాప మీద మరిచిపోయేదాన్ని.

అట్లా ఒక పెద్ద కథ మొదలైంది. పేరు నాకు గుర్తు లేదు, పాతకాలపు కవి రాసింది. మూతబడిన ప్రెస్సు సరుకులో నుంచి రెండు సంపుటాలు వచ్చాయి. మొదటిది ఎవరో చదివి నలిపింది. రెండోది అచ్చయిన నాటి నుంచి ఎవరూ తెరవనిది. ఆ కాలపు పుస్తకాలు అట్లాగే వచ్చేవి. పెద్ద కాగితాన్ని మడతలు మడిచి కుట్టేవాళ్లు. కొనుక్కున్నవాడు కత్తితో మడతలు కోసుకుంటేనే లోపలి పేజీలు కనబడతాయి.

మొదటి సంపుటంలో ఒక రాజు, ఒక రాణి. ఎవడో చెప్పిన చాడీ విని రాజు రాణికి గుండు గీయించాడు. ఈడ్పించి పాడుబావిలో పడేయించాడు. పైన తిరగలి రాయి మూయించి, కావలి పెట్టాడు. అక్కడితో సంపుటం అయిపోయింది.

తర్వాత ఏమైందని నేనే అడిగాను.

“రెండో పుస్తకంలో ఉంటాది లేక్కా,” అన్నాడు భాయి.

రెండోది పెట్టెలో ఉంది, నోరు మూసుకుని.

ఆ పూట మా ఆయనను అడిగాను. ఆయనకు అప్పటికే నా మీద మంటగా ఉంది. మొదటి సంపుటం అట్ట మీద చాయ్ గ్లాసు మరక పడింది. “రాజు సంపిండు, రాణి సచ్చింది. అయిపాయె,” అన్నాడు. ఆయనా చదవలేదని నాకు తెలుసు. చదవాలంటే కోయాలి కదా. నేను నవ్వాను. నవ్వినందుకు ఊరి నుంచి తెచ్చుకున్న ఆ ఇనుప పట్టీ తీసి కొట్టాడు. ఇదిగో, మెడ కింద ఈ ఎముక ఇంకా పైకే ఉంది. నేనూ ఊరుకోలేదు. బొటనవేలు పంటి కింద దొరికితే ఎముక తగిలేదాకా కొరికాను. ఇక నుంచి చాప లేదు, చదువు లేదు అన్నాడు. శుక్రవారాలు అక్కడితో ఆగిపోయాయి.

ఆ రెండో సంపుటం సంగతి సారుకు తెలిసింది. ఒక సాయంత్రం బంగ్లా వరండాలో ఇద్దరూ దాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నారు. నేను చాయ్ తెచ్చాను. సారు మడతల అంచు నిమురుతూ అన్నాడు, “కొయ్యని పుస్తకం అంటే కన్నెపిల్లోయ్. కోసేశాక ఇంకేముంది, అందరి చెయ్యీ పడ్డట్టే.” మా ఆయన నవ్వాడు. నేను పళ్లెం పట్టుకుని నిలబడి ఉన్నానని ఇద్దరికీ పట్టలేదు.

అప్పుడే సారు మాట ఇచ్చాడు. రూవీలో ఒక అరబ్బు ప్రెస్సు పెడుతున్నాడు, ఈ పుస్తకం ఇట్లాగే కొయ్యకుండా తన చేతిలో పెడితే అతనికి చెప్పి పనిలో పెట్టిస్తానన్నాడు. అక్కడ అచ్చయ్యేది అరబ్బీ. ఏ అక్షరమైనా సీసం సీసమే కదా అన్నాడు మా ఆయన. గుడిసెకు వచ్చాక అరచేతులు రెండూ దీపం ముందు పెట్టుకుని చూసుకున్నాడు. ఆయనకు అది ఎంత ముఖ్యమో నాకు తెలియదని ఎవరూ అనుకోవద్దు. తెలుసు.

శుక్రవారం వచ్చింది. మర్నాడు సారు సెలవు మీద ఊరికి పోతున్నాడు. ఆ రోజు అల్ మవాలే సైటులో ఉన్నాడు, సాయంత్రం తిరిగి వచ్చాక పుస్తకం ఇవ్వాలి. మా ఆయన పొద్దున్నే పెట్టె తెరిచి, దాన్ని తీసి, కొత్త తువ్వాల మీద పెట్టి, మంగలి దగ్గరికి పోయాడు. పెళ్లికి పోతున్నట్టు. సెలవు రోజు, అక్కడ మధ్యాహ్నం దాకా వరుసే.

నేను దాని ముందు కూర్చున్నాను. మడతల్లోకి తొంగి చూస్తే, చొక్కా చేతిలోకి చూసినట్టు లోపల చీకటి, ఆ చీకట్లో అక్షరాలు. రాణి అందులోనే ఉంది. సాయంత్రం దాటితే ఆ పుస్తకం ఊరికి పోతుంది, అద్దాల బీరువాలోకి పోతుంది, ఆ సారు బతికున్నంత కాలం దాన్ని కోయడు, ఎవరినీ కోయనివ్వడు. అరచేతులు పగిలిన మనిషికి ప్రెస్సు దొరుకుతుంది. మరి నాకు?

చేపల కత్తి తెచ్చాను. కడిగాను, తుడిచాను. ఒక్కో మడతా జర్రున తెగింది. వంకర పోకుండా, కుట్టు తెగకుండా, మొదటి నుంచి చివరి దాకా కోశాను. తప్పంటే తప్పనండి. నేను మాత్రం అనను.

నమాజు అయ్యాక భాయిని పిలిచాను. పుస్తకం చూసి ఆయన ముఖం తెల్లబోయింది.

“అక్కా, కోసేసినావే. ఆయన ఊరుకుంటాడా?”

“ఊకోడు. నువ్వు సదువు.”

“నా ఉద్యోగం కూడా పోతాదే తల్లీ.”

“ఆ పిల్ల బాయిల ఉన్నది భాయ్. సదువు.”

ఆయన నా మెడ కింద కమిలిన చోటు చూశాడు. చాప మీద కూర్చుని, అలవాటు ప్రకారం కళ్లకు అద్దుకుని, మొదలుపెట్టాడు.

బావిలో రాణి చావలేదు. గోడ మీద చెమ్మ నాకి బతికింది. కాలి కడియం విరిచి, దాంతో రాతి సందుల్లో మన్ను గీకి, కాలి వేలు పట్టేంత గుంటలు చేసుకుంది. ఒక్కో గుంటా ఎక్కింది, జారింది, తుంటి విరిగింది, మళ్లీ ఎక్కింది. భాయి పద్యం చదివి, అర్థం చెప్పి, మళ్లీ పద్యం చదివాడు. రాణి పైదాకా వచ్చింది. తిరగలి రాయి సందులోంచి నాలుగు వేళ్లు బయట పెట్టింది. బయట కావలివాడు ఆ వేళ్లు చూశాడు. చూసి, మడమ ఎత్తి వాటి మీద పెట్టాడు.

అప్పుడు గుమ్మంలో నీడ పడింది. పటిక రాసిన నున్నటి చెంపలు, దువ్విన తల. ఆయన నన్ను చూడలేదు, భాయిని చూడలేదు. కోసిన అంచులను చూశాడు. అడిగాడు. చెప్పాను.

గొంతు నొక్కుతున్నప్పుడు ఆ ముఖం నాకు అంత దగ్గరగా ఎప్పుడూ కనబడలేదు. కోపం కూడా లేదు అందులో. ఏడ్చే పిల్లవాడి ముఖం లాగా ఉంది. లోపల ఏదో పటుక్కుమంది. భాయి వెనక నుంచి నడుము పట్టి లాగాడు. ఆయన ఒక చెయ్యి వదిలి, మూల ఉన్న ఇనుప పట్టీ అందుకుని, వెనక్కి తిరిగి భాయి నోటి మీద కొట్టాడు. పళ్లు చాప మీద పడ్డాయి. ఇంకోసారి కొట్టాడు. అప్పుడు నా చేతికి చేపల కత్తి తగిలింది. ఆయన ముంజేతిలో దించాను. తీసి, మళ్లీ దించాను.

ఆయన కత్తిని చూసుకున్నాడు, ఎవరి చేతిలోదో అన్నట్టు. నన్ను వదిలేశాడు. కత్తి పీకి కింద పడేసి, కొత్త తువ్వాల చేతికి చుట్టుకుని, పుస్తకం చంకలో పెట్టుకుని, బయటికి పోయాడు. సారు ఉన్న మవాలే వైపు నడిచాడు. ఏం చెప్పడానికి పోయాడో నాకు తెలియదు. కాళ్లు పట్టుకోవడానికో, అదే ఇనుప పట్టీతో ఆయననూ కొట్టడానికో. పట్టీ గుడిసెలో కనబడలేదు.

నల్లరోడ్డు మీద ఆయనను కంకర లారీ వెనక నుంచి గుద్దింది. అప్పట్లో ఆ రోడ్డు మీద అందరూ ఇసుకలో తోలినట్టే తోలేవాళ్లు. పొద్దు వాలకముందే మనవాళ్లు కబురు తెచ్చారు. నేను పోయి చూశాను. నడుము కింద మనిషి లేడు, చెంపలు మాత్రం అట్లాగే నున్నగా ఉన్నాయి. పోలీసులు ముంజేతి గాయాల గురించి అడిగారు. భాయి నోటి నిండా రక్తపు గుడ్డ పెట్టుకుని, రేకు కోసుకుందని వచ్చిన అరబ్బీలో చెప్పాడు. నన్నూ అడిగారు. నాకు గొంతు లేదు. ఉండి ఉంటే ఏం చెప్పేదాన్నో.

దహనం అక్కడే చేశారు. గాజులు తీయడానికి మా దిక్కు ఆడవాళ్లు ఎవరూ లేరు. ఆయన పుస్తకాల పెట్టె అంచుకు నేనే కొట్టుకున్నాను. మణికట్టు తెగింది, కట్టు కట్టుకోలేదు.

పుస్తకం రోడ్డు మీద విడిపోయింది. భాయి పోయి, ఇసుకలో, ముళ్ల కంపల్లో వెతికి, దొరికినన్ని కాగితాలు గుడ్డలో కట్టి తెచ్చాడు. టైరు గుర్తులు, నూనె, రక్తం. ముందు పళ్లు లేని నోటితో, ఉమ్మి తుడుచుకుంటూ, వాటిని వరుసగా పేర్చి చదివాడు. బావి దాకా ఉంది. గుంటలు, వేళ్లు, మడమ, అన్నీ ఉన్నాయి. ఆ తర్వాత కట్టకు కట్టే లేదు. చివరికి ఒక్క కాగితం మిగిలింది. అందులో అచ్చుతప్పులు వరుసగా వేశారు. ఫలానా పేజీలో ఫలానా మాటను ఇట్లా దిద్దుకోవాలి అని. లేని పేజీల తప్పులు దిద్దుతూ పోయాడు భాయి, అడుగున సంపూర్ణం అని ఉంది. అదీ చదివాడు.

“అంతే ఉండాదక్కా,” అన్నాడు.

సారు ప్రయాణం ఆపుకున్నాడు. పరామర్శకు వచ్చాడు. భార్య పక్కనే ఉంది, చంకలో పసివాడు. మంచివాడు, పనిమంతుడు అన్నాడు. ఆ కాగితాల గుట్ట చూసి అయ్యో అన్నాడు, ఆ అయ్యో దేనికో నాకు అర్థం కాలేదు. తర్వాత పెట్టె సంగతి ఎత్తాడు. అవన్నీ తన కోసం తెప్పించినవేనని, తానైతే జాగ్రత్తగా చూసుకుంటానని చెప్పాడు.

నేను పెట్టె తెరిచాను. కోయని పుస్తకాలు ఇంకా ఉన్నాయి. ఒకటి తీసి, ఒళ్లో పెట్టుకుని, అదే కత్తితో మొదటి మడత కోశాను. సారుకు మొదట అర్థం కాలేదు. రెండో మడత కోశాను. ఆయన ముందుకు వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు, అప్పుడే మానుతున్న గాయం మీద. విదిలించుకుని కత్తి మొన ఆయన వైపు తిప్పాను. అప్పటికి నా నోట గుసగుస తప్ప రాదు.

“దగ్గరికొస్తే నిన్ను గూడ కోస్త.”

అమ్మగారు ఆయన చొక్కా పట్టి వెనక్కి లాగింది. ఆయన పోలేదు. గుమ్మంలో నిలబడే ఉన్నాడు. ఒక్కో మడత తెగుతుంటే, తనను ఎవరో చెంప మీద కొట్టినట్టు కళ్లు మూసుకున్నాడు. నేను తొందరపడలేదు. పెట్టె అడుగు వేపాకు దాకా అన్నీ కోశాను. ఆ తర్వాత పెట్టెను భాయి పికప్‌లో ఎక్కించి మవాలే లేబర్ రూముకు పంపించాను. ఎవరికి కావాలంటే వాళ్లు చదువుకోమన్నాను. అక్కడివాళ్లు చదివారో, పొగాకు చుట్టుకున్నారో. రెండూ నాకు సమ్మతమే.

నన్ను ఊరికి పంపేశారు. బీడీలు చేసుకుని బతికాను. చదువొచ్చిన మనిషి కనబడితే చాలు, ఆ రాణి సంగతి అడిగేదాన్ని. పంతుళ్లను అడిగాను, హరికథలు చెప్పేవాళ్లను అడిగాను. ఆ కథ ఎవరికీ తెలియదు. ఒకాయన, రాజు తప్పు తెలుసుకుని వచ్చి ఏలుకొని ఉంటాడమ్మా, అట్లాగే ఉంటుంది అన్నాడు. అచ్చులో చూపించు అన్నాను. ఆ వేళ్లు లోపలికి పోయాయా, ఆ మడమను పట్టి బావిలోకి లాగాయా, నాకు ఈ రోజు వరకు తెలియదు. లాగి ఉంటే బాగుండునని నా కోరిక. కోరిక వేరు, కథ వేరు.

అందుకే ఇది రాయించాను. నాదైనా చివరిదాకా ఒకచోట ఉండనీ, ఎవరి పెట్టెలోనో మూసుకుపోకుండా. చెప్పాల్సింది అయిపోయింది బిడ్డా. ఇప్పుడు కలం పక్కన పెట్టు. ఏం రాసినవో మొదటి నుంచి నాకు చదివి వినిపించు. గట్టిగా చదువు, నడిమిట్ల ఆపకు.